సరీసృపాలు, కప్పల పెట్టెకు ఏ మెటీరియల్ కొనాలి, ఏది షాపులోనే వదిలేయాలి

ప్లైవుడ్ షాపుకి వెళ్లి మంచి షీట్ చూపించమంటే ముందు వినిపించే మాట "చెద పట్టదు సార్, గ్యారంటీ". సందులు మూసే సిలికాన్ అడిగితే "బూజు పట్టని రకం ఉంది, అది తీసుకోండి" అంటారు. వంటింటి కప్‌బోర్డుకి ఇవి మంచి గుణాలే. బల్లి, పాము, కప్ప ఉండబోయే పెట్టెకి మాత్రం చిక్కంతా వీటితోనే. చెద పట్టని షీట్‌లో చాలాసార్లు చెదని చంపే మందు ఉంటుంది. బూజు పట్టని సిలికాన్‌లో బూజుని చంపేది ఉంటుంది. అందుకే ప్రతి వస్తువు దగ్గరా ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇది ఎందుకు పాడవదు? గాజులా దాని స్వభావమే అంతయితే కొనొచ్చు. మందు కలిపారు కాబట్టి పాడవదంటే అక్కడే వదిలేయండి.

పెట్టె మొదలుపెట్టే ముందు చట్టం సంగతి. నక్షత్ర తాబేలు, ఉడుము, కొండచిలువ లాంటి మన దేశపు జీవుల్ని ఇంట్లో పెంచడం వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 ప్రకారం నేరం. ఎంత మంచి పెట్టె కట్టినా అది మారదు. ఇగువానా (పెద్ద బల్లి), బాల్ పైథాన్ (పాము), డార్ట్ ఫ్రాగ్ (చిన్న కప్ప) లాంటి విదేశీ జాతులు వన్యజీవుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ సైటీస్ ఒప్పందం జాబితాలో ఉన్నాయి. ఆ చట్టానికి 2022లో చేసిన సవరణ, దాని మీద 2024లో వచ్చిన నియమాల ప్రకారం వాటిని కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి. అమెరికా, ఆస్ట్రేలియాల్లో ఉంటున్న మనవాళ్లు తమ రాష్ట్ర నిబంధనలు చూసుకోవాలి. అక్కడ ఒక్కో రాష్ట్రానిది ఒక్కో పద్ధతి.

1. పొడి పెట్టెనా, తడి పెట్టెనా తేల్చుకోండి

మెటీరియల్ ఎంపిక సగం ఇక్కడే తేలిపోతుంది. బేర్డెడ్ డ్రాగన్, లెపర్డ్ గెకో లాంటివి పొడి నేలల బల్లులు. వాటి చర్మం పొలుసులతో ఉంటుంది కాబట్టి నీటిలో కరిగే విషాలు చర్మం గుండా లోపలికి పోవడం తక్కువ. వాటికి ప్రమాదం ఎక్కువగా గాలిలోంచి, వేడిలోంచి, నాకి మింగేవాటిలోంచి వస్తుంది.

కప్పల లెక్క వేరు. కప్ప నోటితో నీళ్లు తాగదు. పొట్ట కింద, తొడల దగ్గర ఉండే పలచని చర్మంతో నీటిని పీల్చుకుంటుంది, ఊపిరిలో కొంత భాగం కూడా చర్మంతోనే తీసుకుంటుంది. అది కూర్చున్న చోట తడిలో కరిగినదల్లా దాని ఒంట్లోకి పోతుంది. పొడి పెట్టెలో పర్వాలేదనుకునే వస్తువు కప్ప పెట్టెలో పనికిరాకపోవచ్చు. అందుకే కప్పలకి నా సలహా ఒకటే: చెక్క జోలికి పోకుండా పూర్తిగా గాజుతో కట్టండి. చెక్క పెట్టె కట్టాలన్న సరదా ఉంటే డ్రాగన్ దగ్గర తీర్చుకోండి.

2. గోడలు: ప్లైవుడ్, ఎండీఎఫ్, ఫోమ్ బోర్డు

ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు చవక, నున్నగా ఉంటాయి, కోయడం తేలిక. చెక్క పొడిని యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురుతో అతికించి వాటిని తయారుచేస్తారు. వేడి తగిలితే, తేమ పెరిగితే ఆ జిగురు నుంచి ఫార్మాల్డిహైడ్ అనే ఘాటైన విషవాయువు ఎక్కువగా వస్తుంది. మన పెట్టెలో రెండూ ఉంటాయి. పైగా మూత వేసిన పెట్టె కాబట్టి ఆ గాలి అక్కడే తిరుగుతుంది. తప్పక వాడాల్సి వస్తే ఈ-0 లేదా ఈ-1 (ఆ వాయువు తక్కువ వదిలే రకాలు) అని ముద్ర ఉన్నది తీసుకుని, అంచులతో సహా అన్ని వైపులా సీల్ చేయండి. నేనైతే దీని జోలికి వెళ్లను, ఎందుకంటే నీళ్ల గిన్నె ఒక్కసారి ఒలికినా ఎండీఎఫ్ ఉబ్బిపోతుంది.

ప్లైవుడ్ దగ్గర కాస్త మెలిక ఉంది. ఐఎస్ 303 (భారత ప్రమాణం) ముద్రతో వచ్చే ఎంఆర్ గ్రేడ్‌లో, అంటే తేమని కొంత తట్టుకునే రకంలో, వాడేది మామూలుగా యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురే. ఐఎస్ 710 మెరైన్ ప్లై జిగురు ఫినాల్ ఫార్మాల్డిహైడ్. ఇది గట్టిపడ్డాక చాలా స్థిరంగా ఉంటుంది, వాయువు తక్కువ వదులుతుంది. ఇంతవరకు విని మెరైన్ ప్లై కొనేస్తారు చాలామంది. కానీ ఐఎస్ 710 షీట్‌కి చెద, కుళ్లు పట్టకుండా ప్రిజర్వేటివ్ మందు పట్టించాలన్నది ఆ ప్రమాణంలోనే ఉంది. ఇది కాక, జిగురులోనే బైఫెంత్రిన్, క్లోర్‌పైరిఫాస్ లాంటి పురుగుమందు కలిపే పద్ధతి కూడా ఉంది. ఆ సంగతే "బోరర్ ప్రూఫ్", "టెర్మైట్ ప్రూఫ్" అని షీట్ మీద రాసి ఉంటుంది.

అలాగని ప్లైవుడ్ పూర్తిగా మానేయక్కర్లేదు. పొడి పెట్టెకి వాడొచ్చు, లోపలి ముఖం ఎక్కడా బయట పడకుండా మూయాలి, అంతే. అన్నిటికంటే తేలిక దారి లోపల 1 మిల్లీమీటర్ సన్‌మైకా అతికించడం. తుడవడం సులువు, గోళ్లకి గీతలు పడవు. యాంటీ బ్యాక్టీరియల్ అని రాసి ఉన్న సన్‌మైకా వద్దు, మామూలుది చాలు. సన్‌మైకా వేసి అంచుల్ని వదిలేస్తే పని సగమే అయినట్టు. కోసిన అంచుల్లోంచే తేమ లోపలికి పోతుంది, మందు బయటికి వస్తుంది.

పీవీసీ ఫోమ్ బోర్డు, డబ్ల్యూపీసీ (చెక్క పొడి, ప్లాస్టిక్ కలిపిన) బోర్డు ఇప్పుడు ప్రతి ఊళ్లో దొరుకుతున్నాయి. చెద పట్టకపోవడం ప్లాస్టిక్ స్వభావమే కాబట్టి పురుగుమందు కలపాల్సిన పని లేదు. లెడ్ ఫ్రీ అని రాసి ఉన్నదే అడిగి తీసుకోండి, పీవీసీని స్థిరంగా ఉంచడానికి సీసం కలిపే అలవాటు ఉంది. దీని బలహీనత వేడి. 60 డిగ్రీలు దాటితే మెత్తబడి వంగడం మొదలవుతుంది. బల్బు పైకప్పుకి దగ్గరగా వచ్చే పెట్టెలో ఆ ఒక్క ముక్క మాత్రం వేరేది పెట్టాలి.

పాత సామాను వాడేవాళ్లకి రెండు జాగ్రత్తలు. ఫ్యాక్టరీ ప్యాలెట్ చెక్క తెస్తే దాని మీద కాల్చి వేసిన ముద్ర చూడండి. హెచ్‌టీ అని ఉంటే వేడితో శుద్ధి చేసినది, ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ పొగ పెట్టినది. రెండోది తీసుకోకండి. హెచ్‌టీ అయినా దాని మీద ఏం ఒలికిందో మనకి తెలియదు, మరకలున్న ముక్కలు పక్కన పెట్టండి. పాత తలుపు చెక్క అయితే రంగు సంగతి చూడాలి. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసాన్ని 90 పీపీఎంకి (పది లక్షల పాళ్లలో 90) పరిమితం చేసిన నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన రంగు గీకితే ఆ పొడి మనకీ ప్రమాదమే.

అసలు చెక్కే కావాలంటే దేవదారు, నీలగిరి, కర్పూరం వాసన ఉన్న చెక్కలు వద్దు. ఆ సువాసన ఇచ్చే నూనెలే మూసిన పెట్టెలో ఊపిరితిత్తులకి ఇబ్బంది. టేకుకి చెద అంతగా పట్టకపోవడానికి కారణం కూడా అందులో సహజంగా ఉండే రసాయనాలే. బయటి ఫ్రేముకి టేకు వాడుకోండి, లోపల వద్దు.

3. జిగురు, సిలికాన్

ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడ. హార్డ్‌వేర్ షాపులో వరసగా పేర్చిన సిలికాన్ గొట్టాలన్నీ చూడటానికి ఒకేలా ఉంటాయి. వెనక వైపు చిన్న అక్షరాలు చదవాలి. మనకి కావాల్సింది "100 శాతం సిలికాన్" లేదా "అక్వేరియం" అని ఉన్నది. "బాత్రూమ్", "శానిటరీ", "యాంటీ ఫంగల్", "మోల్డ్ రెసిస్టెంట్" అని ఎక్కడ కనపడినా తిరిగి పెట్టేయండి. శానిటరీ రకంలో బూజుని చంపే మందు నెమ్మదిగా బయటికి వచ్చేలా కలుపుతారు. కప్ప కూర్చునే నీటి గుంటలోకి కూడా అది అలాగే నెమ్మదిగా వస్తుంది.

అక్వేరియం సిలికాన్ గొట్టం ముక్కు కోసి వత్తగానే వెనిగర్ వాసన గుప్పుమంటుంది. భయపడక్కర్లేదు, అది ఎసిటిక్ ఆమ్లం. గాలిలో తేమ తగిలి సిలికాన్ గట్టిపడుతున్నంతసేపు అది బయటికి పోతుంది. పైన గంటలోపే తోలు కడుతుంది కాబట్టి ఆరిపోయింది అనిపిస్తుంది, కానీ లోపల ఇంకా పచ్చిగానే ఉంటుంది. రోజుకి సుమారు 2, 3 మిల్లీమీటర్ల లోతు మాత్రమే గట్టిపడుతుంది. మూలల్లో లావుగా వేస్తే వారం ఆగాలి. ముక్కు దగ్గర పెట్టి చూడండి, కొంచెం కూడా పులుపు వాసన ఉండకూడదు. వాసన లేని న్యూట్రల్ రకంలో ఈ సౌకర్యం లేదు. అందుకే వాసన ఉన్నదే నాకు ఇష్టం, అయిపోయిందో లేదో ముక్కే చెప్తుంది.

చెక్క కీళ్లకి తెల్ల ఫెవికాల్ ఆరాక ఇబ్బంది లేదు, కానీ తడికి విడిపోతుంది. తడి తగిలే చోట మెరైన్ రకం వాడి, లోపలి వైపు దాని మీద సిలికాన్ గీత వేయండి. సన్‌మైకాకి కార్పెంటర్లు తొందర కోసం పసుపు రంగు రబ్బరు జిగురు వాడతారు. ఆ ఘాటు వాసన టోలుయిన్ లాంటి ద్రావకాలది. తెల్ల జిగురుతో అతికించి రాత్రంతా బరువు పెట్టమని ముందే చెప్పండి. కాస్త విసుక్కుంటారు, అయినా చేస్తారు. చిన్న చిన్న అతుకులకి ఫెవిక్విక్ లాంటి సూపర్ గ్లూ గట్టిపడ్డాక పర్వాలేదు. పగడపు ముక్కలు అతికించడానికి అక్వేరియం వాళ్లు వాడేదీ ఇలాంటి జిగురే.

4. పూతలు

కార్పెంటర్ "మెలమైన్ పాలిష్ కొట్టేద్దామా" అంటే ఒప్పుకోకండి. మెలమైన్ పాలిష్ గట్టిపడేటప్పుడు ఫార్మాల్డిహైడ్ వదులుతుంది, అదీ చాలా రోజులు. నీటితో కలిసే పాలియురేథేన్ వార్నిష్ మూడు, నాలుగు కోట్లు వేయండి. లక్కతో చేసే స్పిరిట్ పాలిష్ కూడా పొడి పెట్టెకి సరిపోతుంది, తడి తగిలితే తెల్లబడుతుంది. బయటి గోడలకి వాడే యాంటీ ఆల్గే, యాంటీ ఫంగల్ ఎమల్షన్లు లోపల వాడొద్దు.

డబ్బా మీద "2 గంటల్లో ఆరుతుంది" అని ఉంటుంది. ఆరడం వేరు, పూర్తిగా గట్టిపడటం వేరు. నీటి పాలియురేథేన్ పూర్తిగా గట్టిపడటానికి రెండు మూడు వారాలు పడుతుంది, ముసురు పట్టిన రోజుల్లో ఇంకా ఎక్కువ. రెండు భాగాల ఎపాక్సీకి వారం. కలిపే పాళ్లు అటూ ఇటూ అయితే ఎపాక్సీ ఎన్ని రోజులైనా జిగటగా ఉండిపోతుంది. ఆ పెట్టెలో జంతువుని పెట్టకండి, గీకి మళ్లీ వేయాల్సిందే.

5. గాజు, మెష్

గాజు గురించి పెద్దగా చెప్పేది లేదు, దీన్ని మించిన సురక్షితమైన వస్తువు లేదు. 45 × 45 × 60 సెంటీమీటర్ల కప్ప పెట్టెకి గోడలు 5 మిల్లీమీటర్లు, అడుగు 6 మిల్లీమీటర్లు చాలు. అంచులు పాలిష్ పట్టించండి. టఫెన్డ్ గాజుకి తర్వాత రంధ్రం పెట్టలేరు, కావాల్సిన రంధ్రాలు ముందే చెప్పాలి.

ఎండలో ఉండే యూవీబీ (అతినీలలోహిత) కిరణాలు గాజులోంచి దాదాపు రావు. కిటికీ పక్కన పెట్టినంత మాత్రాన డ్రాగన్‌కి ఎండ అందదు, లోపల యూవీబీ ట్యూబు ఉండాలి. మెష్ కూడా కొంత యూవీబీని ఆపుతుంది, కన్ను సన్నగా ఉన్నకొద్దీ ఎక్కువ ఆపుతుంది.

మెష్‌కి ఎస్‌ఎస్ 304 స్టెయిన్‌లెస్ స్టీలే కొనండి. జీఐ (గాల్వనైజ్డ్ ఇనుము) మెష్ తుప్పు పట్టకపోవడానికి కారణం దాని మీద ఉన్న జింకు పూత. తడిలో అది నెమ్మదిగా కరుగుతుంది, మెష్ నుంచి కారిన చుక్కలు నేరుగా కప్పల మీద పడతాయి. రాగి అంతకంటే చెడ్డది. ఉభయచరాలకి, ముఖ్యంగా తోకకప్పలకి, చాలా తక్కువ మోతాదులో కూడా అది విషం. మిస్టింగ్ సిస్టమ్ (నీటి తుంపర్లు చల్లే ఏర్పాటు) పెట్టేవాళ్లు ఇత్తడి నాజిళ్లు, ఇత్తడి కనెక్టర్ల బదులు ప్లాస్టిక్‌వి గానీ స్టీలువి గానీ అడగండి. ఇత్తడిలో ఉండేది రాగి, జింకే. కిటికీల ఫైబర్ దోమతెరని మేతగా వేసే మిడతలు, చిమటలు (కీచురాళ్లు) కొరికేస్తాయి, బల్బు కింద అది కరుగుతుంది. దోమల మందు పట్టించిన తెరలు కూడా మార్కెట్లో ఉన్నాయి, వాటిని దగ్గరికి రానివ్వకండి.

6. వెనక గోడ, రాళ్లు, నేల

కొండలా కనపడే వెనక గోడకి థర్మాకోల్ చెక్కి పైన సిమెంటు పూయడం అందరూ చేసేదే. థర్మాకోల్ ఎక్కడా బయటికి కనపడకుండా మూడు పలచని కోట్లు వేయాలి. వాటర్‌ప్రూఫింగ్ కెమికల్, యాంటీ ఫంగల్ టైల్ గ్రౌట్ కలపొద్దు. రంగు కోసం సిమెంటులో కలిపే ఐరన్ ఆక్సైడ్ పొడి బాగుంటుంది, పాత ఇళ్ల ఎర్ర గచ్చుకి వాడింది అదే. రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ అని డబ్బాలో అమ్మేది ఇనుముకి పూసే పెయింటు, రెండూ ఒకటి కావు.

కొత్త సిమెంటు బాగా క్షారం. దాని మీద నిలిచిన నీటి పీహెచ్ 12 దాకా పోతుంది, కప్ప చర్మం కాలుతుంది. పూర్తయిన గోడని తొట్టిలో ముంచి రోజూ నీళ్లు మార్చండి. అక్వేరియం షాపులో దొరికే పీహెచ్ స్ట్రిప్ ముంచితే మన మామూలు నీటికి వచ్చే అంకె రావాలి. దానికి రెండు, మూడు వారాలు పడుతుంది. డబ్బాలోంచి కొట్టే పీయూ ఫోమ్ (పాలియురేథేన్ నురగ) వాడితే గాలి ఆడే చోట రెండు రోజులు వదిలేసి, పై తోలు కోసి, సిలికాన్ పూసి, అది పచ్చిగా ఉండగానే పొడి కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) అద్దండి. మంటని ఆపే రకం ఫోమ్ వద్దు.

రాళ్ల విషయంలో మనకి ఒక స్థానిక చిక్కు ఉంది. ఇంటి చుట్టుపక్కల సులువుగా దొరికే కడప బండ, తాండూరు నాపరాయి రెండూ సున్నపురాళ్లే. విరిగిన అంచు మీద నాలుగు చుక్కల వెనిగర్ వేసి చెవి దగ్గర పెట్టండి, సన్నగా బుసబుసలాడటం వినపడుతుంది, చిన్న బుడగలు లేస్తాయి. డ్రాగన్ పెట్టెలో బల్బు కింద వేసే బండగా ఇది చక్కగా పనికొస్తుంది, వేడి నిలుస్తుంది, గోళ్లు అరుగుతాయి. కప్పల నీటిలో వేస్తే మాత్రం నీటి కాఠిన్యం, పీహెచ్ పెరుగుతాయి. వాటికి గ్రానైట్ ముక్కలు వాడండి. గ్రానైట్ షాపులో పాలిష్ చేయని తునకలు ఊరికే ఇస్తారు. పాలిష్ చేసిన ముఖానికి రెజిన్, మైనం పట్టించి ఉండొచ్చు.

కోకోపీట్ కొన్నాక నేరుగా వేయొద్దు. కొబ్బరి పీచులో సహజంగానే ఉప్పు ఉంటుంది, ఉప్పునీటిలో నానబెట్టిన పీచు అయితే మరీ ఎక్కువ. నానబెట్టి పిండి, పిండిన నీటిలో మన ఇళ్లలో ఆర్వో నీళ్లకి వాడే టీడీఎస్ మీటర్ (నీటిలో కరిగిన లవణాల్ని చూపేది) పెట్టి చూడండి. మీరు పోసిన నీటికి దగ్గరగా అంకె వచ్చేదాకా కడగాలి. నర్సరీ మట్టి మిశ్రమంలో ఎరువు, పురుగుమందు గుళికలు ఉండొచ్చు, దాన్ని వాడకండి. ఎం-శాండ్ పదునైన రాతి పొడి, దుమ్ము ఎక్కువ. కాల్షియం ఇసుక పేరుతో అమ్మేది పిల్ల గెకోలు మింగితే పేగుల్లో గడ్డకడుతుంది, వాటికి టైల్ వేసి ఊరుకోండి.

కొమ్మలకి జామ, చింత బాగుంటాయి, గట్టివి, మెలికలు తిరిగి ఉంటాయి. మందు కొట్టే తోటలోంచి తేవద్దు. గన్నేరు ఎండినా విషమే, జిల్లేడు కూడా అంతే. మామిడి జీడి చర్మాన్ని పొక్కిస్తుంది కాబట్టి పచ్చిది వద్దు. తెచ్చిన కొమ్మని బ్రష్‌తో రుద్ది, మరిగే నీళ్లు పోసి, వారం ఎండలో పెట్టండి.

7. వేడి తగిలే చోటు

డ్రాగన్ ఎండ కాచుకునే రాయి మీద 38 నుంచి 42 డిగ్రీలు ఉండాలి. రాయి అంత వేడెక్కాలంటే బల్బు దగ్గరున్న పైకప్పు అంతకంటే చాలా వేడెక్కుతుంది. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో అక్కడ చూడండి. హోల్డర్ పింగాణీది వాడండి, ప్లాస్టిక్‌ది కరుగుతుంది. బల్బు చుట్టూ మెష్ గూడు, వైరు చివర థర్మోస్టాట్ (వేడి ఎక్కువైతే కరెంటు ఆపేది) తప్పనిసరి. పామయినా బల్లయినా వేడి బల్బుకి చుట్టుకుని కాలిపోతుంటాయి, కాలుతున్నా వెంటనే వదలవు.

8. ఖాళీ పెట్టెని నడిపి చూడండి

జంతువుని తెచ్చే ముందు పెట్టెని రెండు వారాలు నిజంగా నడపండి. బల్బు, మిస్టింగ్, నీళ్లు అన్నీ రోజూ ఎలా ఉంటాయో అలాగే. మధ్యాహ్నం బాగా వేడెక్కాక తలుపు తీసి మొదటి గాలి పీల్చండి. జిగురు, పెయింటు, పులుపు వాసన ఏది వచ్చినా తలుపులు తీసి ఇంకో వారం. ఏ వస్తువు మీద అనుమానం ఉంటే దాని ముక్కని మూత బిగుతుగా ఉండే గాజు సీసాలో వేసి ఒక పూట ఎండలో పెట్టి వాసన చూడండి, ఎక్కడినుంచి వస్తోందో తేలిపోతుంది.

రాగికి, పురుగుమందుకి మాత్రం వాసన ఉండకపోవచ్చు. పురుగుమందు సంగతి తేల్చడానికి ఎలాగూ మేతకి తెచ్చే చిమటల్ని పది వేసి చూడండి, కప్ప పెట్టెలో అయితే స్ప్రింగ్‌టెయిల్స్ (తడి మట్టిలో బతికే చిన్న పురుగులు) వేయండి. ఇవి పురుగుమందుకి చాలా సున్నితం. తిండీ నీళ్లూ ఉన్నా రెండు మూడు రోజుల్లో వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకుంటుంటే ఆ పెట్టెలో మందు ఉన్నట్టే. పురుగులు బతికి తిరుగుతుంటే అంతా బాగుందని పూర్తి హామీ కాదు గానీ, పురుగుమందు భయం చాలావరకు తగ్గుతుంది. చచ్చిపోతుంటే కొత్త జత పురుగులతో ఇంకోసారి చూడండి. ఈలోపు ఆ గదిలో దోమల లిక్విడ్ ప్లగ్, బొద్దింకల స్ప్రే ఆపండి, అవీ ఇదే పని చేస్తాయి. అప్పటికీ చస్తుంటే లోపలి సామానంతా తీసి, ఒక్కో వస్తువుని వేరే డబ్బాలో పురుగులతో పెట్టి చూడాలి. దొరికిన వస్తువుని కడిగి మళ్లీ వాడే ప్రయత్నం చేయకండి, పారేయండి. ప్లైవుడ్డే అని తేలితే పెట్టెని విప్పి బట్టల అల్మారాకి వాడుకోవచ్చు.